మా పెరటి నీలిమైల

పెరటిలో నాలుగు కోళ్ళు తిరుగుట మన కోస్తా సంసారములకు క్రొత్త విషయము కాదు. బిడ్డ చేతిలోని యుడికిన గ్రుడ్డు, చుట్టము వచ్చిననాటి కూర, ఇల్లాలి పోపులపెట్టెలోని చిల్లర డబ్బులు, ఇవి యన్నియు ఆ నాలుగు కోళ్ళ చలువయే. అయినను కోడి యీక రంగును గూర్చి యొక వ్యాసము వ్రాయబూనుట చూచి సోదరీమణులలో కొందఱు నవ్వుకొనవచ్చును. మా యింటను మొదట అందఱును నవ్విరి. ఒక రంగు వెంట ఏండ్ల తరబడి తిరిగి, దానిని చేతులార పోగొట్టుకొని, మఱల సంపాదించుకొన్న పిదప ఇప్పు డెవ్వరును నవ్వుటలేదు. ఆ వృత్తాంతము చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మనవారికి కోడి రంగులకు పేర్లు పెట్టుట కొత్త కాదు. తెల్లనిది సేతు, నల్లనిది కాకి, ఎఱ్ఱనిది డేగ, వీపుమీదను రెక్కలమీదను పసుపుచాయ గలది నెమలి, ఎఱుపును బూడిదయు కలిసినది మైల. ఇట్లు చెప్పుచు బోయిన నొక పుట చాలదు. ఈ పేర్లు చాలవఱకు పందెగాండ్ర నోట పెరిగినవి. ఏ దినమున ఏ రంగు పుంజు గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రమును సంక్రాంతి సమీపించినంతనే వెదకి చదువువారు నేటికిని గలరు. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ పక్షము కోడిపందెమున గెలువగా, బ్రహ్మనాయుని పక్షమువారు ఏడేండ్లు దేశము విడిచి పోవలసి వచ్చుట మన ప్రాంతమున పసిపిల్లలును ఎఱిగిన కథయే. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము కోళ్ళకు పందెములు పెట్టుట నేరము. ఆ మాటతో మాకు పని లేదు. రంగుల పేర్లను మాత్రము పందెగాండ్రవద్దనుండి అరువు తెచ్చుకొంటిమి.

మా పుట్టినిల్లు రేపల్లె చెంత, మెట్టినిల్లు తెనాలి, ఆడపడుచు కాపురము బాపట్ల. 2014 సంక్రాంతికి పుట్టినింటికి పోయి తిరిగి వచ్చునపుడు మా అమ్మ ఒక పెట్టను గంపలో పెట్టి, పైన గోనె కప్పి, తెనాలి పోవు రైలులో మా ప్రక్కన ఉంచెను. ఇంటికి వచ్చి గంప యెత్తి చూచినప్పుడు మా అత్తగారు సైతము ఒక నిమిషము ఊరకుండిరి. ఆ పెట్ట మైలయే గాని మామూలు మైల కాదు. ఎఱుపు ఇసుమంతయు లేదు. ఒడలెల్ల వాన మబ్బు రంగు. ప్రతి యీక అంచునను సన్నని నల్లని గీత. ఎండలో నిలిచినపుడు ఆ బూడిదలో నీలము తేలుచుండెను. మేము దానికి నీలిమైల యని పేరు పెట్టితిమి. ఒక్క పెట్ట గాక, పెరటి నిండ ఇట్టి కోళ్ళే తిరిగినచో నెంత బాగుండునని ఆనాడే మనస్సున పడినది.

అప్పటికి మా పెరటిలో అత్తగారి కోళ్ళు పదునొకండు ఉండెడివి. చూపునకు ఏమంత గొప్పవి కావు. గోధుమరంగువి కొన్ని, గళ్ళవి కొన్ని. కాని పొదుగుటలో వానికి సాటి లేదు. పండ్రెండు గ్రుడ్లు పెట్టి పొదిగించిన, ఇరువదియొక్క దినము లైనంతనే పదిపిల్లలకు తక్కువ గాకుండ లేపెడివి. గ్రద్ద నీడ పడినంతనే ఱెక్కలు విప్పి పిల్లలనెల్ల లోనికి తీసికొనెడివి. వాని విలువ మేము ఆనాడు ఎఱుగము.

నీలిమైలకు జతగా కాకి పుంజు నొకదానిని ఉంచితిమి. మొదటి పొదుగులోనే ఎదురుదెబ్బ తగిలినది. ఎనిమిది పిల్లలలో నాలుగు ఎఱ్ఱనివి! కారణము విచారింపగా, ప్రక్కయింటివారి డేగ పుంజు గోడ దుమికి వచ్చుచుండెనని తెలిసినది. గోడమీద ముళ్ళకంప వేయించి, ఆ పెట్టను పుంజుతో గూడ వేఱు దడిలో పెట్టితిమి. అయినను వెంటనే తీసిన గ్రుడ్లనుండి మఱల ఒక యెఱ్ఱని పిల్ల వచ్చినది. పెట్ట యొకసారి పుంజుతో కలిసినచో, ఆ బీజము దాని కడుపులో రెండు మూడు వారములవఱకు నిలువ యుండి, ఆ దినములలో పెట్టు గ్రుడ్లకు పనిచేయుచుండునని పిదప తెలిసికొంటిమి. కావున పుంజును మార్చిన తరువాత మూడు వారముల గ్రుడ్లను వంటకే వాడవలెను గాని పొదిగింపరాదు. రంగు కోరి కోళ్ళను పెంచువారికి ఇది మొదటి పాఠము.

ఆ యేడు తరువాతి రెండు పొదుగులలో ఇరువదియొక్క పిల్లలు దక్కినవి. చాకలి పద్దు వ్రాయు పుస్తకము చివరి పుటలలో లెక్క వ్రాసికొంటిమి: నీలిమైల 10, నలుపు 11. సగమునకు సగము. మాకు పట్టరాని సంతోషము కలిగినది. నలుపు, నీలము కలిసిన సగము వచ్చెను గదా; మఱుసటి యేడు నీలిమైల పుంజును నీలిమైల పెట్టలను జతపఱచిన అన్నియు నీలిమైలలే పుట్టునని యెంచితిమి. గోధుమలు చల్లిన గోధుమలే మొలచును గదా యని మా తర్కము.

2015లో నలుబదియొక్క పిల్లలు లేచినవి. నీలిమైల 20, నలుపు 11, తక్కిన పది యెవ్వరును ఊహింపని తెల్లనివి. పుట్టినప్పుడు లేత పసుపు తెలుపుగా ఉండి, ఈకలు వచ్చిన పిదప తెల్లని యొడలిమీద నీలిబూడిద సిరా చిలికినట్లు అక్కడక్కడ చుక్కలు పడినవి. నీలిమైలల కడుపున తెల్లని వెట్లు పుట్టెను? మఱల ఏదో పుంజు దడి దుమికినదని ప్రక్కయింటివారితో మాట పట్టింపు గూడ వచ్చినది. పాపము, వారి పుంజు అప్పటికే కూరయైనదట!

ఆ తెల్లని వానిని మేము వన్నె చెడిన వని నిశ్చయించితిమి. నీలిమైలలలో మిక్కిలి చక్కని వానిని ఏర్చి యుంచుకొని, నల్లనివానిని సంతకు పంపి, తెల్లనివానిని ఒకటొకటిగా వంటకు వాడితిమి. తెల్లని పిల్ల పెరటిలో దూరమునుండియే గ్రద్ద కంటబడుచుండుటయు మాకొక సాకుగా దొరకినది. మా అత్తగారు మాత్రము అడ్డుపడిరి. “ఆరోగ్యముగా ఉన్న పిల్లలు. రంగు చూచి పంపివేయుట కవి పెండ్లికూతుండ్రా యేమి?” అనిరి. ఆ మాట మాకు కొంచెము గ్రుచ్చుకొన్నది. మా యింటిలోనే ఒక ఆడపిల్లను చూడవచ్చినవారు చామనచాయ యని చెప్పి వెనుకకు పోయి అప్పటికి రెండేండ్లు కాలేదు. అయినను మా పంతము మానలేదు. 2016లో పుట్టిన తెల్లనివానిలో ఒక పుంజుపిల్లను, రెండు పెట్టపిల్లలను చూచి ముచ్చటపడి బాపట్లనుండి వచ్చిన ఆడపడుచు పిల్లలు తీసికొనిపోయిరి. అంతటితో పీడ విరగడయైన దనుకొంటిమి.

మూడేండ్లు ఇట్లే గడచినవి. ఎంత మంచివాని నేర్చి జతపఱచినను, నీలిమైలలు సగమే. నాలుగవ వంతు నలుపు, నాలుగవ వంతు తెలుపు. పుస్తకము తిరుగవేసి చూచినపుడెల్ల అదే లెక్క. ఇంకొక చిక్కును వచ్చిపడినది. స్థలము చాలక అత్తగారి పాత పెట్టలను ఒకటొకటిగా అమ్మివేసి, నీలిమైలలనే పొదుగునకు కూర్చుండబెట్టితిమి. అవి చూపునకు రాణులే గాని, పదియవనాడే గూడు విడిచి లేచిపోయెడివి. అన్నయు చెల్లెలును, తండ్రియు కూతురును అనక ఒకే సంతతిలో జతపఱచుచుండుటచే బలము తగ్గినది. 2017లో పండ్రెండు గ్రుడ్లకు ఐదు పిల్లలు లేచుట గొప్పగా నుండెను. కొన్నింటికి కాలివ్రేళ్ళు వంకర. మేనరికముపై మేనరికము చేసిన వంశము వలె మా కోళ్ళవంశము సన్నగిల్లినది. అత్తగారు ఒకనాడు ఖాళీ గూడు చూపించి, “అమ్మాయీ, రంగు పొదుగునా, కోడి పొదుగునా?” అని మాత్రము అడిగిరి. మేము జవాబు చెప్పలేకపోతిమి.

2018 ఎండకాలమున కొక్కెర తెగులు వచ్చినది. దీనినే రాణిఖేతు వ్యాధి యందురు. మొదటినాడు రెండు కోళ్ళు మేత మాని మూల కూర్చుండెను. రెండవనాడు నోరు తెఱచి ఊపిరి తీయుచు, ఆకుపచ్చని రెట్ట వేయసాగెను. పిదప మెడలు మెలిదిరిగి పోయినవి. ఎనిమిది దినములలో ముప్పదినాలుగు కోళ్ళలో రెండు నల్లని పెట్టలు మాత్రము బ్రతికినవి. నీలిమైల యొక్కటియు మిగులలేదు. మా అమ్మ యిచ్చిన ముసలి పెట్టయు పోయినది. తప్పు మాదే. పిల్లలకు ఏడవనాటికి కంటిలో వేయవలసిన టీకా చుక్క వేయించుచుంటిమి గాని, ఎనిమిదవ వారమున ఱెక్క క్రింద వేయవలసిన సూదిని ఆ యేడు పెండ్లి పనులలో మఱచితిమి. గోతిలో సున్నము చల్లి అన్నింటిని పూడ్చినాడు అత్తగారు ఒక్క మాటయైన అనలేదు. అన్నచో బాగుండెడిదని తోచినది.

ఈ సంగతి విని మా అమ్మ రేపల్లెనుండి వచ్చెను. ఆ జాతి పెట్ట అక్కడను మిగిలి యుండలేదు. అయినను అమ్మ యేమియు దిగులు చెందినట్లు కానరాలేదు. 1977 నవంబరు 19వ తేదీని వచ్చిన ఉప్పెనను గూర్చి చెప్పెను. “నీళ్ళు తీసిన తెల్లవారి మన దొడ్డిలో ఒక యీకైనను మిగలలేదు. మఱి తరువాత కోళ్ళెక్కడివి? అంతకుముందు మీ అమ్మమ్మ ఎవరెవరికో ఊరికే ఇచ్చిన పిల్లలున్నవి గదా. మెట్ట యూళ్ళవారు వాని పిల్లలను మనకు తెచ్చియిచ్చిరి. ఇచ్చినదే మిగిలినది, దాచినది పోయినది” అనెను. మాకప్పుడు బాపట్లకు పోయిన ఆ మూడు తెల్లని పిల్లలు జ్ఞప్తికి వచ్చెను. కాని అవి తెల్లనివి గదా, వానివలన నేమి ప్రయోజనమని నిట్టూర్చితిమి.

ఆ నెలలోనే బాపట్లకు పోవు పని తటస్థించినది. ఆడపడుచు పెరటిలో తెల్లని పుంజు గర్వముగా తిరుగుచుండెను. మా మేనల్లుడు బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివినవాడు. 1945లో స్థాపితమైన ఆ కళాశాల బాపట్లవారికి భావనారాయణస్వామి గుడి తరువాత గుడి వంటిది. మా లెక్కల పుస్తకము వాని ముందు పెట్టి, ఎంత యేరినను సగమే వచ్చుచున్నదేమని అడిగితిమి. వాడు పుస్తకము చూచి చిఱునవ్వు నవ్వి, వంటింటిలోనికి పోయి గుప్పెడు మినుములు, గుప్పెడు బియ్యము తెచ్చి చాపమీద పోసినాడు.

“అత్తయ్యా! ప్రతి కోడిలోను ఈ రంగునకు సంబంధించిన గింజలు రెండు ఉండు ననుకొనుము. ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. రెండును మినుములైన కోడి నల్లనిది. రెండును బియ్యమైన చుక్కల తెల్లనిది. ఒకటి మినుము, ఒకటి బియ్యమైన నీలిమైల. కోడి తన పిల్లకు ఇచ్చునది రెండింటిలో ఏదో యొకదానిని మాత్రమే” అని చెప్పి, గింజలను జతలు జతలుగా పేర్చి చూపినాడు. నీలిమైల పుంజును నీలిమైల పెట్టయు కలిసినప్పుడు నాలుగు విధములుగా జత కుదురును. మినుము మినుము ఒకటి. బియ్యము బియ్యము ఒకటి. మినుము బియ్యము రెండు. నాలుగింట రెండు, అనగా సగము. మా చాకలి పద్దు పుస్తకములోని లెక్క చాపమీద అచ్చముగా కనబడినది. మూడేండ్లు మేము పడిన శ్రమ ఒక గుప్పెడు గింజలలో తేలిపోయినది.

పిమ్మట వాడు తెల్లని పుంజును చూపి, “మీరు వన్నె చెడినదని పంపినది దీనినే గదా. దీనియందు ఉన్నవి రెండును బియ్యపుగింజలే. నల్లని పెట్టయందు రెండును మినుములే. ఈ రెండింటిని కలిపిన ప్రతి పిల్లకును ఒకటి మినుము, ఒకటి బియ్యము. ఒక్కటి తప్పకుండ అన్నియు నీలిమైలలే” అనినాడు. మాకు నోట మాట రాలేదు. ఏ నీలమును వెదకుచు మేము తెల్లనివానిని కూరలోనికి, నల్లనివానిని సంతకును పంపితిమో, ఆ నీలము ఆ రెండింటియందే దాగియుండెను.

ఈ రహస్యము క్రొత్తది కాదని కూడ వాడే చెప్పెను. స్పెయిను దేశపు దక్షిణ భాగమైన అందలూసియా పేరుగల నీలి కోళ్ళ జాతి యొకటి యూరపులో ప్రసిద్ధము. అక్కడి పెంపకందార్లును మావలె నీలిలో నల్లనివి, తెల్లనివి పుట్టుట చూచి, తమ జాతి శుద్ధము కాలేదని తలచి, వానిని తీసివేయుచు వచ్చిరి. బఠాణీ మొక్కలమీద మెండలు చేసిన పరిశోధన 1866లో అచ్చుపడి, మూలబడి, 1900లో మఱల వెలుగులోనికి వచ్చిన పిదప, ఇంగ్లండులో బేట్సను, పన్నెట్టు అను శాస్త్రజ్ఞులు కోళ్ళయందును ఆ సూత్రమే పనిచేయుచున్నదని చూపిరి. నీలికోడి యెన్నటికిని తనంత తాను స్థిరపడని రంగని, నలుపు తెలుపుల కలయికయే దానికి పుట్టుక యని అప్పుడు స్పష్టమైనది. నల్లనిది నల్లనిదానితో కూడిన నల్లనిదే. చుక్కల తెల్లనిది తన జాతితో కూడిన తెల్లనిదే. నీలిమైలకు మాత్రము సొంత యిల్లు లేదు. రెండు పుట్టిండ్లు గలవు.

ఇచ్చట సోదరీమణులు ఒక విషయము గమనింపవలెను. ప్రతి తెల్లకోడియందును ఈ గుణము ఉండదు. గ్రుడ్ల ఫారములలోని తెల్లకోళ్ళ తెలుపు వేఱు జాతిది. దానిని నల్లనిదానితో కలిపిన నీలము రాదు. నీలిమైల కడుపున పుట్టి, మేనిమీద బూడిద చుక్కలు గల తెల్లనిదే పనికివచ్చును.

ఆ పుంజును గంపలో పెట్టుకొని తెనాలికి వచ్చితిమి. ఈసారి పొదుగునకు నీలిమైల గొప్పలు వదలి, అత్తగారు పూర్వము ఇరుగుపొరుగుల కిచ్చిన గోధుమరంగు పెట్టల సంతతిలో ఒకదానిని అడిగి తెచ్చితిమి. 2019 ఆరంభమున పదమూడు గ్రుడ్లు పెట్టితిమి. ఏడవనాటి రాత్రి చీకటి గదిలో ఒక్కొక్క గ్రుడ్డును దీపమునకు అడ్డముగా పట్టి చూడగా, పండ్రెండింటిలో సాలెగూడు వంటి ఎఱ్ఱని నరములు కనబడినవి. ఇరువదియొకటవనాటి యుదయమున అత్తగారే పోయి పెట్టను మెల్లగా ఎత్తి చూచిరి. పదునొకండు పిల్లలు. పదునొకండును బూడిద నూగువే. ఆమె వానిని చేటలో పోసికొని వచ్చి మా ముందు పెట్టి, “ఇవిగో నీ నీలిమైలలు. తెల్లనాయన బిడ్డలు” అని నవ్విరి. ఆ నవ్వుతో ఎనిమిది దినముల గోతి జ్ఞాపకము కొంత చల్లబడినది.

అంతటితో పని ముగిసిన దనుకొనరాదు. పెరిగిన పిదప పుంజులలో మూటికి మెడజూలుమీద ఎఱుపు తేలినది. నీలము కలిగించు ఆ గుణము నలుపును మాత్రమే పలుచన చేయును గాని ఎఱుపు జోలికి పోదు. కావున ఎఱుపును తొలగింపవలెనన్న దానికి వేఱుగా, నల్లని తల్లిదండ్రులలో మెడమీద ఎఱుపు రానివానిని తరతరమునను ఏర్చుకొనవలెను. ఆ పని నేటికిని జరుగుచున్నది. ప్రతి యేడును ఎఱుపు కొంచెము తగ్గుచున్నది.

ఇప్పుడు మాది ఒక పెరడు కాదు, మూడు పెరళ్ళు. తెనాలిలో నల్లనివి పెరుగును. బాపట్లలో చుక్కల తెల్లనివి పెరుగును. రేపల్లెలో అమ్మ రెండు రంగులను కొద్దికొద్దిగా ఉంచి, క్రొత్త నెత్తురు కొఱకు చుట్టుప్రక్కల గ్రామముల నల్లని పెట్టలను తెచ్చి కలుపుచుండును. ఏటేట సంక్రాంతికి పుంజులు ఒక యింటినుండి మఱియొక యింటికి గంపలలో ప్రయాణము చేయును. 2022లో జిల్లాలు విభజించినపుడు రేపల్లె, బాపట్లలు క్రొత్త బాపట్ల జిల్లాలోనికి పోయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. మా కోళ్ళగంపల రాకపోకలకు మాత్రము భంగము కలుగలేదు. 2020 మార్చిలో కరోనా కారణమున రైళ్ళు నిలిచిపోయినపుడు మూడు పెరళ్ళును విడివిడిగానే నిలువగలిగినవి. ఒక చోట తెగులు తగిలినను, ఉప్పెన వచ్చినను, తక్కిన రెండు చోట్ల గింజలు మిగిలియుండునన్న ధైర్యము మాకు కలదు.

ఇట్టి ప్రయత్నము చేయగోరు సోదరీమణులకు మేము అనుభవమున నేర్చిన నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. ప్రతి పిల్ల కాలికి పొదుగునకొక రంగు దారము వదులుగా కట్టి, పెరిగినకొలది మార్చుచు, తల్లిదండ్రుల పేరు పుస్తకములో వ్రాసికొనవలెను, జ్ఞాపకమును నమ్మరాదు. రెండు మూడు తరములకొకమారు బయటి కోడిని తెచ్చి కలుపవలెను. ఏడవనాటి చుక్కను, ఎనిమిదవ వారపు సూదిని, పిదప పశువైద్యుడు చెప్పిన గడువులను, ఇంట పెండ్లియైనను మఱువరాదు. మంచి పొదుగుకోడిని, దాని రంగు ఏదైనను, ఎంత ధర వచ్చినను అమ్మరాదు.

కేవలము గ్రుడ్ల కొఱకే కోళ్ళను పెంచదలచినవారు ఈ నీలిమైలల జోలికి రానక్కఱలేదు. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకే వనరాజ, గ్రామప్రియ అను రకములను తయారుచేసిరి. అవి దేశవాళి పెట్టకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. వానికిని తెలుపు గాక రంగురంగుల యీకలే ఉండునట్లు చూచుట గమనింపదగినది. పల్లెవారు రంగుకోడినే మెచ్చుకొందురు. పెరటి చెట్ల నీడలలో కలిసిపోవు రంగు గ్రద్దకును పిల్లికిని తొందరగా కనబడదు. ఈకరంగు వట్టి సొగసు కాదని పండితులును ఒప్పుకొన్నట్లే గదా.

మా అత్తగారికిప్పుడు చూపు తగ్గినది. సాయంకాలము మెట్టుమీద కూర్చుండి నూకలు చల్లుచు, చుట్టు మూగిన కోళ్ళను ఏది యే రంగని అడుగుచుందురు. మేము చెప్పుచుందుము. నీలిమైల యనగానే ఆమె వెంటనే మఱియొక ప్రశ్న వేయుదురు: “తెల్లది బాపట్లలో బాగున్నదా?” ఆ ప్రశ్న మేము నాలుగేండ్ల ముందే వేసికొని యుండవలసినది.

మీ పెరటిలో నీలి కోళ్ళ కడుపున చుక్కల తెల్లని పిల్ల పుట్టినచో, సోదరీమణులారా, దానిని వంటయింటికి పంపకుడు. మీకు చోటు లేనిచో తోడికోడలికో, ఆడపడుచునకో, ప్రక్కయింటి పిన్నికో ఇచ్చి యుంచుడు. ఈ సంక్రాంతికి బాపట్లకు పోవలసిన నల్లని పుంజునకు గంప అల్లించితిమి. పైన కప్పుటకు అమ్మ 2014లో ఇచ్చిన ఆ గోనెనే ఉతికి ఆరవేసితిమి.